మోడెమ్ సర్వరుకు మల్టీపోర్ట్ సీరియల్ కార్డు ఎంచుకోవడం ఎలా

ఫోను లైను మీద డేటా పంపే డబ్బా మోడెమ్. అలాంటివి చాలా ఒకే సర్వరుకు తగిలించేది మల్టీపోర్ట్ సీరియల్ కార్డు. దాన్ని కొనడానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది ఎన్ని పోర్టులు, స్పీడెంత అని. అంతకంటే ముందు రెండు విషయాలు అడగాలి. అవతలివాళ్ళ లైను తెగిపోతే ఆ సంగతి ఈ కార్డు సర్వరుకు చెబుతుందా? సర్వరు ఫోను పెట్టెయ్యమంటే ఆ మాట మోడెమ్ దాకా చేరుతుందా? ఈ రెండూ చేసే కార్డు కాస్త నిదానంగా నడిచినా పని జరిగిపోతుంది. చెయ్యని కార్డు ఎంత స్పీడుదైనా ఒకట్రెండు రోజుల్లో లైన్లన్నిటినీ ఎంగేజ్ చేసి కూర్చుంటుంది.

నేను 1990ల చివర్లోనూ, 2000 తర్వాత కొన్నేళ్ళూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫోను కొట్టి కలిసే డయలప్ సర్వర్లు పెట్టాను. రొయ్యల మేత డీలర్లు, బియ్యం మిల్లులు, చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసులు నా ఖాతాదారులు. హెడ్డాఫీసు నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండేది. కావలి, సింగరాయకొండ, చీరాల, గూడూరు బ్రాంచీల నుంచి ఆ రోజు అమ్మకాలు, స్టాకు రాత్రికల్లా అక్కడికి చేరాలి. వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15నే మొదలైనా, మా దగ్గర బ్రాంచీ నుంచి హెడ్డాఫీసుకు నేరుగా ఫోను కొట్టి ఫైలు పంపడమే చాలా ఏళ్ళు నమ్మకమైన దారి.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు. ల్యాబులో చిన్న ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ల ఎక్స్ఛేంజి) పెట్టి, దాని ఎక్స్‌టెన్షన్లకు పాత మోడెమ్‌లు తగిలించి, లైనక్స్ సర్వరు మీద పీపీపీ (ఫోను లైను మీద నెట్‌వర్క్ నడిపే పద్ధతి) చేతులతో నేర్చుకుంటామని కొందరు వచ్చి అడిగారు. ఇంతకంటే మంచి పాఠం ఉండదు. లైను ఎత్తడం, క్యారియర్ (మోడెమ్‌లు ఒకదానికొకటి వినిపించే కూత) కలవడం, లాగిన్, ఐపీ అడ్రస్ రావడం, అన్నీ కంటి ముందు ఒక్కొక్కటిగా జరుగుతాయి. అయితే కార్డు సరైనది కాకపోతే పాఠం సగంలో ఆగిపోతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఫైబర్ కనెక్షన్ డబ్బా వెనక ఇచ్చే ఫోను మీద ఈ పని పెట్టుకోకండి. అక్కడ గొంతు ప్యాకెట్లుగా మారి వెళుతుంది. ప్యాకెట్ కాస్త ఆలస్యమైతే మనిషి చెవికి తెలియదు గానీ మోడెమ్ మాత్రం దారి తప్పుతుంది. రాగి తీగ లైనైనా ఉండాలి, అనలాగ్ ఎక్స్‌టెన్షన్లు ఇచ్చే ఈపీఏబీఎక్స్ అయినా ఉండాలి. ఈపీఏబీఎక్స్ డయల్ టోన్ బయటి లైను టోన్‌లా ఉండదు కాబట్టి కొన్ని మోడెమ్‌లు డయల్ టోన్ లేదని మొండికేస్తాయి. వాటికి ఏటీఎక్స్3 కమాండ్ ఇస్తే టోన్ కోసం చూడకుండా నంబరు కొట్టేస్తాయి.

ముందు లైన్ల లెక్క

బ్రాంచీలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఒకే సమయంలో ఎంతమంది ఫోను కొడతారన్నదాన్ని బట్టి పోర్టులు లెక్క వెయ్యాలి. మాకు ఆ లెక్క దూరపు కాల్స్‌కు వేసే ఎస్టీడీ రేట్లే తేల్చేవి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి అన్ని బ్రాంచీలూ ఆ టైము కోసం కాచుకుని ఒక్కసారిగా కొట్టేవి. పగలంతా ఖాళీగా ఉన్న సర్వరు ఆ ఒక్క గంటలో ఊపిరాడనట్టు పనిచేసేది. బ్రాంచీల్లో సగానికి సరిపడా లైన్లు ఉంటే చాలని నా అనుభవం. ఎంగేజ్ వస్తే బ్రాంచీ సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొడుతుంది, ఐదు నిమిషాల్లో ఫైలు వెళ్ళిపోతుంది. ఎక్స్ఛేంజీలో అడిగి ఆ లైన్లన్నిటికీ హంటింగ్ (ఒక లైను ఎంగేజైతే కాల్ పక్క లైనుకు వెళ్ళే ఏర్పాటు) పెట్టించుకుంటే అందరికీ ఒకే నంబరు ఇవ్వొచ్చు.

లైన్లు నాలుగే అయినా నాలుగు పోర్టుల కార్డు కొనకండి. ఎనిమిది పోర్టులది కొనండి. మోడెమ్‌ల వ్యాపారంలో పోర్టు పోవడం మామూలు విషయం. ఖాళీ పోర్టు ఉంటే కేబుల్ తీసి పక్కదానికి పెట్టి ఆ రాత్రి గడిపేయొచ్చు. యూపీఎస్ నుంచి వచ్చే సీరియల్ తీగకు కూడా ఒకటి కావాలి.

పదహారు లైన్లు దాటితే కార్డుల ఆలోచనే మానుకోవడం మంచిది. అక్కడి నుంచి పీఆర్ఐ అనే డిజిటల్ లైను, ఆ కాల్స్ అందుకునే యాక్సెస్ సర్వరు సరైన దారి. పీఆర్ఐ వచ్చే ఒక్క ఈ1 తీగలో 30 కాల్స్ వస్తాయి, మోడెమ్ డబ్బాలు, అడాప్టర్లు, తీగల చిక్కు ఏవీ ఉండవు. ఇంకో తేడా కూడా ఉంది. డబ్బా మీద 56కే అని ఉన్నా, రెండువైపులా అనలాగ్ లైనే అయితే 33.6కే మించి కలవదు. వీ.90 అనే పద్ధతిలో ఆ 56 రావాలంటే సర్వరు వైపు డిజిటల్ లైను ఉండాలి. కార్డు, మోడెమ్ ఎంత ఖరీదైనవి పెట్టినా ఈ హద్దు దాటలేరు. అందుకని మామూలు మోడెమ్‌ల సర్వరుకు స్పీడు కోసం డబ్బు పొయ్యకండి. అదే డబ్బు కేబుళ్ళ మీద, మెరుపుల నుంచి కాపాడే సామాను మీద పెట్టండి.

ఫోను పెట్టేయగల కార్డు

మోడెమ్‌కూ కంప్యూటరుకూ మధ్య నడిచే తీగల్లో డేటావి రెండు, టీడీ, ఆర్‌డీ. ఆగు, పంపు అని చెప్పుకునేవి రెండు, ఆర్‌టీఎస్, సీటీఎస్. నేల తీగ ఒకటి. ఇవి కాక డీటీఆర్, డీసీడీ, డీఎస్‌ఆర్ (మోడెమ్ సిద్ధంగా ఉందనేది), ఆర్ఐ (రింగు వస్తోందనేది). కార్డు ఎంపికంతా డీటీఆర్, డీసీడీల మీదే నిలబడి ఉంటుంది.

డీటీఆర్ సర్వరు నుంచి మోడెమ్‌కు వెళుతుంది, నేను సిద్ధంగా ఉన్నాను అని. సర్వరు దాన్ని దించితే మోడెమ్ ఫోను పెట్టేయాలి. డీసీడీ మోడెమ్ నుంచి సర్వరుకు వస్తుంది, అవతలి క్యారియర్ ఉంది అని. అది పడిపోతే లైను తెగినట్టు, సర్వరు వెంటనే ఆ సెషన్ చంపేయాలి.

టెర్మినళ్ళ కోసం, బార్‌కోడ్ యంత్రాల కోసం, లారీ కాటాల కోసం చేసిన మల్టీపోర్ట్ కార్డులు బజారులో చాలా దొరుకుతాయి. వాటిలో కొన్ని మూడు తీగలో ఐదు తీగలో మాత్రమే బయటికి తెస్తాయి. మిగతావి కనెక్టరులోనే ఒకదానితో ఒకటి కలిపేసి, ఎప్పుడూ అంతా బాగుందన్నట్టు చూపిస్తాయి. కాటాకు అది చాలు. మోడెమ్‌కు మాత్రం చాలదు.

ఒక మేత కంపెనీ హెడ్డాఫీసులో అలాంటి కార్డే ఉండేది. సాయంత్రం కావలిలో కరెంటు పోయి ఫైలు మధ్యలో ఆగేది. లైను తెగిన సంగతి సర్వరుకు తెలిసేది కాదు, పాత సెషన్ అలాగే పట్టుకుని ఉండేది. తర్వాత సింగరాయకొండ కుర్రాడు కొడితే "అన్నా, రింగు పోతా ఉంది, ఎవురూ ఎత్తట్లా" అనేవాడు. ఇంకో రోజు దీనికి తిరగబడి, సర్వరు పని ముగించినా మోడెమ్ ఫోను పెట్టేది కాదు. అవతలి మోడెమూ పెట్టేది కాదు. తెల్లారేదాకా రెండూ లైను పట్టుకుని ఉంటే ఆ ఎస్టీడీ బిల్లు ఎవరి నెత్తిన పడుతుంది? బ్రాంచీ ఖాతాలో పడేది, అక్కడి గుమాస్తా యజమానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి మోడెమ్‌ల స్విచ్చులు ఆపి వేస్తేగాని ఆఫీసు మొదలయ్యేది కాదు. అక్కడ కార్డు మార్చడం తప్ప వేరే మందు లేకపోయింది. ఆ తీగలు బయటికే రానప్పుడు సాఫ్ట్‌వేర్ చేయగలిగింది ఏమీ లేదు.

బిల్లు కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. డీసీడీ పడిపోయిన సంగతి తెలియని సర్వరులో, లాగిన్ అయి తెగిపోయిన మనిషి సెషన్ తెరిచే ఉంటుంది. మోడెమ్ తానే ఫోను ఎత్తేలా పెట్టి ఉంటే, తర్వాత కొట్టినవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండా నేరుగా ఆ సెషన్‌లోకి దిగుతారు. జీతాల ఫైలు ఉన్న సర్వరులో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

పీపీపీలో ఎల్‌సీపీ ఎకో అనే ఏర్పాటు ఉంది, నిర్ణీత సమయానికోసారి అవతలివాడు ఉన్నాడా అని పలకరిస్తుంది. జవాబు రాకపోతే సెషన్ చంపేస్తుంది. డీసీడీ ఉన్నా దీన్ని పెట్టుకోండి, రెండో కాపలా అవుతుంది. కానీ డీటీఆర్ తీగ లేకపోతే సెషన్ చచ్చినా ఫోను మాత్రం ఎత్తే ఉంటుంది.

ఆర్‌జే45 సాకెట్లున్న కార్డుల దగ్గర మరింత జాగ్రత్త. నెట్‌వర్క్ కేబుల్‌కు వాడే ఎనిమిది పిన్నుల ప్లగ్గులో తొమ్మిది సిగ్నళ్ళు పట్టవు, ఏదో ఒకటి వదిలేయాల్సిందే. ఆర్ఐ వదిలేసినా నష్టం లేదు, ఎందుకంటే ఎంగెట్టీ లాంటి ప్రోగ్రాములు మోడెమ్ పంపే "రింగ్" అనే అక్షరాలు చదివే ఫోను ఎత్తుతాయి. డీసీడీ వదిలేస్తే మాత్రం కొంప మునుగుతుంది. డిజీ కంపెనీ కార్డుల్లో కొన్నిటికి పది పిన్నుల ఆర్‌జే45 ఉంటుంది, అందులో డీసీడీ చివరి పిన్ను. మన దగ్గర దొరికే ఎనిమిది పిన్నుల ప్లగ్గు క్రింప్ చేస్తే అటు చివర, ఇటు చివర పిన్నులు తగలవు, డీసీడీ పోతుంది. దానికి వాళ్ళే డ్రైవరులో ఆల్ట్‌పిన్ అనే సెట్టింగ్ పెట్టారు. అది వేస్తే డీఎస్‌ఆర్ పిన్ను డీసీడీ పని చేస్తుంది. ఈ సంగతి తెలియక మంచి కార్డును పాడైందని పక్కన పెట్టేసినవాళ్ళను చూశాను.

చిప్పు మీద నంబరు చదవండి

కార్డు చేతిలోకి తీసుకుని, సీరియల్ పోర్టును నడిపే యూఏఆర్‌టీ చిప్పు మీది నంబరు చదవాలి. భూతద్దం వెంట ఉంచుకోండి. పాత 8250, 16450 చిప్పుల్లో వచ్చిన అక్షరం నిలవడానికి ఒక్క అక్షరం చోటే ఉంటుంది. 115200 స్పీడులో అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకు 11,520 అక్షరాలు వస్తాయి. ప్రతి అక్షరాన్నీ 87 మైక్రోసెకన్లలో ప్రాసెసర్ వచ్చి తీసుకుపోవాలి, లేకపోతే వెనకొచ్చేది దాన్ని తుడిచేస్తుంది. ఎనిమిది మోడెమ్‌లు ఒకేసారి కదిలితే సెకనుకు 92 వేలకు పైగా ఇంటరప్టులు, అంటే పని ఆపి రమ్మని ప్రాసెసర్‌కు పిలుపులు. కుళాయి కింద చెంబు పెట్టి, నిండిన ప్రతిసారీ పరుగెత్తినట్టు ఉంటుంది.

16550ఏ చిప్పులో 16 అక్షరాల ఫిఫో (అక్షరాలు వరుసగా నిలిచే చోటు) ఉంది, బిందె పెట్టినట్టే. ఎనిమిది అక్షరాలు నిండాక పిలవమంటే, ఇంకో ఎనిమిదికి చోటు ఉంటుంది కాబట్టి ప్రాసెసర్‌కు దాదాపు 0.7 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది. 14 నిండాక పిలవమంటే ఇంటరప్టులు తగ్గుతాయి గానీ గడువు 0.17 మిల్లీసెకన్లకు పడిపోతుంది. హార్డ్ డిస్కు బిజీగా ఉండే సర్వరులో నేనైతే ఎనిమిదే పెడతాను. ఆ చివరి "ఏ" అక్షరం చూసుకోండి. ఏ లేని తొలి 16550లో ఫిఫో సరిగ్గా పనిచేయదు.

16సీ650లో 32 అక్షరాలు, 16సీ750లో 64, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ 16సీ950లో 128. ఈ పైవాటిలో ఇంకో సుఖం ఉంది. ఫిఫో నిండబోతుంటే చిప్పు తానే ఆర్‌టీఎస్ దించి మోడెమ్‌ను ఆపగలదు, ప్రాసెసర్ వచ్చేదాకా ఆగదు. అప్పుడు అక్షరాలు పోవడం దాదాపు ఉండదు.

మల్టీపోర్ట్ కార్డుల్లో నాలుగు యూఏఆర్‌టీలు ఒకే చిప్పులో వస్తాయి. 16సీ554 అంటే నాలుగు 550లు. 16సీ654 అంటే 650 జాతివి నాలుగు. 16సీ454 అంటే మాత్రం నాలుగు 450లు, ఫిఫో లేనివి. 454కూ 554కూ తేడా ఒక్క అంకె, బోర్డులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత సామాను కుప్పలో ఈ రెండూ పక్కపక్కనే దొరుకుతాయి. ధర ఒకటే చెబుతారు, చూసి తీసుకోవాల్సింది మనమే.

చిప్పు పక్కనే వెండి రంగు డబ్బీలో, దానికి గడియారంలా పనిచేసే క్రిస్టల్ ఉంటుంది. దాని మీద 1.8432 అని ఉంటే పోర్టు గరిష్ఠంగా 115200 వెళుతుంది. 14.7456 అని ఉంటే 921600 దాకా వెళుతుంది. మోడెమ్‌లకు 115200 చాలు. వీ.42బిస్ కంప్రెషన్‌తో మామూలు టెక్స్టు నాలుగింతల దాకా కుదించుకుపోతుంది, అందుకే 33.6కే మోడెమ్‌కు కూడా పోర్టును 115200 మీద స్థిరంగా ఉంచాలి. పెద్ద క్రిస్టల్ ఉన్న కార్డును డ్రైవరు గుర్తుపట్టకపోతే 9600 అడిగితే వేరే స్పీడులో నడుస్తుంది, తెర మీద అంతా చెత్త అక్షరాలే. సెట్‌సీరియల్ అనే లైనక్స్ కమాండ్‌లో బాడ్ బేస్ (క్రిస్టల్‌ను బట్టి వచ్చే గరిష్ఠ స్పీడు) సరిచేస్తే బాగవుతుంది.

తెలివైన కార్డా, మామూలు కార్డా

సొంత ప్రాసెసరూ మెమరీ ఉన్న కార్డులను అప్పట్లో ఇంటెలిజెంట్ కార్డులని అమ్మేవాళ్ళు. డిజీ యాక్సెల్‌పోర్ట్, సైక్లేడ్స్-జెడ్, మోక్సా ఇంటెలియో ఈ రకం. ఇవి అక్షరాల లెక్కంతా తామే చూసుకుని సర్వరుకు ముద్దలు ముద్దలుగా అందిస్తాయి. 486 మెషీను మీద ముప్పై టెర్మినళ్ళు నడిపే రోజుల్లో ఇవి లేకుండా కుదిరేది కాదు.

మోడెమ్‌లు ఎనిమిదో పదహారో అయితే నా ఓటు మామూలు కార్డుకే. పెంటియమ్ వచ్చాక 16550ఏ ఇంటరప్టులు ప్రాసెసర్‌కు పెద్ద భారం కావు. అసలు కారణం డ్రైవరు. మామూలు యూఏఆర్‌టీ కార్డుకు లైనక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న 8250 డ్రైవరే పనిచేస్తుంది, అప్పుడూ ఇప్పుడూ. తెలివైన కార్డు మాత్రం దాని సొంత డ్రైవరు ఉన్నంత కాలమే బతుకుతుంది. సైక్లేడ్స్‌ను 2006లో అవోసెంట్ కొనేసింది. సైక్లేడ్స్, రాకెట్‌పోర్ట్, స్టాలియన్ కార్డుల డ్రైవర్లను లైనక్స్ కెర్నెల్ (లైనక్స్‌కు గుండె లాంటి ప్రోగ్రాము) నుంచి ఒక్కొక్కటిగా తీసేశారు. ఇవాళ అలాంటి కార్డు పాత సామానులో చవగ్గా దొరికితే, దాని కోసం పాత కెర్నెల్ పట్టుకుని వేలాడాల్సిందే. ఇంటర్నెట్‌కు తగలని ల్యాబు మెషీనైతే సరే, మిగతా చోట్ల వద్దు.

మోక్సా సీ168హెచ్ లాంటి ఎనిమిది పోర్టుల మామూలు కార్డులు అప్పట్లో నాకు ఇష్టమైనవి. కార్డు వెనక ఒకే పెద్ద కనెక్టరు, దానికి ఎనిమిది తోకల ఆక్టోపస్ కేబుల్, మోడెమ్‌కు కావలసిన డీటీఆర్, డీసీడీ రెండూ ఉంటాయి. పాతది కొంటే ఆ ఆక్టోపస్ కేబుల్ ఉందో లేదో ముందు చూడండి. కేబుల్ లేని కార్డు ఊరికే ఇచ్చినా ప్రయోజనం లేదు. అలాంటి కేబుల్ విడిగా దొరకడం కష్టం, చేత్తో టంకం వేసి చేయాలంటే ఓపిక కావాలి.

యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్లు రెండు మూడు మోడెమ్‌లకు సరిపోతాయి. చిక్కల్లా కరెంటు పోయి వచ్చాక పోర్టుల పేర్లు తారుమారు కావడం. లైనక్స్‌లో డెవ్ కింద సీరియల్ అనే ఫోల్డరులో బై-పాత్ పేర్లు ఉంటాయి, అవి వాడితే ఏ తోక ఏ మోడెమ్‌దో మారదు.

స్లాటు సంగతి

పాత రకం స్లాటైన ఐఎస్ఏ కార్డుల్లో ఇంటరప్టు రెండు కార్డుల మధ్య పంచుకోవడం కుదరదు. మంచి మల్టీపోర్ట్ కార్డు తన పోర్టులన్నిటికీ ఒకే ఇంటరప్టు వాడి, ఎవరు పిలిచారో చెప్పే రిజిస్టరు ఒకటి ఇస్తుంది. దాని తర్వాత వచ్చిన పీసీఐలో ఈ బాధ లేదు, ఇంటరప్టు పంచుకోవచ్చు. పీసీఐ దొరుకుతుంటే ఐఎస్ఏ వైపు చూడకండి.

పీసీఐ కార్డు అంచున కోత చూడండి. పాత 5 వోల్టుల కార్డుకు ఒక కోత, బ్రాకెట్‌కు (వెనక బిగించే రేకుకు) దూరంగా ఉంటుంది. సర్వరు బోర్డుల్లో కొన్ని స్లాట్లు 3.3 వోల్టులవే, వాటిలో ఈ కార్డు దిగనే దిగదు. రెండు కోతలూ ఉన్నది యూనివర్సల్ కార్డు, ఈ రెండు రకాల స్లాట్లలోనూ కూర్చుంటుంది. కొత్త మెషీన్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లే ఉంటాయి కాబట్టి ఆ రకం కార్డే కొనాలి. ఆక్స్‌ఫర్డ్, ఎక్సార్ చిప్పులవి బాగుంటాయి. చవక పీసీఐ కార్డుల్లో విరివిగా కనిపించే ఎంసీఎస్9835 చిప్పు అప్పట్లో మన హైదరాబాదు మాస్‌చిప్ వాళ్ళది. రెండు సీరియల్ పోర్టులకు అది నిక్షేపంగా పనిచేస్తుంది, ఆ పేరు బోర్డు మీద చూసినప్పుడల్లా నాకు సంతోషమేసేది.

లైనక్స్ కెర్నెల్ చాలాసార్లు నాలుగు సీరియల్ పోర్టులకే చోటు పెట్టుకుని లేస్తుంది. ఎనిమిది పోర్టుల కార్డు పెట్టాక కొన్ని పోర్టులు కనిపించకపోతే కార్డును తిట్టకండి, బూట్ లైనులో ఎన్‌ఆర్ యూఏఆర్‌టీస్ (nr_uarts) సంఖ్య పెంచండి.

ఉప్పుగాలి, మెరుపులు

మా తీరంలో కార్డును చంపేవి రెండు. ఇసకపల్లి, కొత్తపట్నం వైపు చెరువుల దగ్గరి ఆఫీసుల్లో ఉప్పుగాలికి కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి. బంగారు పూత ఉన్న పిన్నులు, స్క్రూలతో బిగించే డీబీ9, డీబీ25 (9, 25 పిన్నుల) కనెక్టర్లు అక్కడ నిలుస్తాయి. క్లిప్పుతో నిలిచే ఆర్‌జే45 కొన్నాళ్ళకు వదులవుతుంది.

రెండోది మెరుపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు వానలెక్కువ, వాటితో ఉరుములూ ఉంటాయి. స్తంభాల మీద వచ్చే ఫోను తీగలోంచి దెబ్బ మోడెమ్‌కు తగిలి, అక్కడి నుంచి సీరియల్ తీగలో కార్డుకు దిగుతుంది. అందుకే మోడెమ్ ఎప్పుడూ బయట ఉండే డబ్బా రకమే కావాలి. లోపల స్లాటులో పెట్టేది పోతే బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది, పైగా వాటిలో సగం విండోస్ లేకుండా కదలని సాఫ్ట్‌మోడెమ్‌లు. లైను లోపలికి వచ్చే చోటే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దానికి మంచి ఎర్తింగ్ ఇవ్వండి. ఎర్తింగ్ లేని ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే.

కార్డు మీద కనెక్టరుకు దగ్గర్లో 1488, 1489 అనే చిన్న చిప్పులు వరుసగా ఉంటాయి. తీగ మీదికి సిగ్నల్ పంపే లైను డ్రైవర్లు, అందుకునే రిసీవర్లు అవే, దెబ్బ మొదట తినేవీ అవే. అవి సాకెట్లలో కూర్చుని ఉన్న కార్డు దొరికితే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి. పిడుగు పడ్డ మర్నాడు స్క్రూడ్రైవర్‌తో పాతది లేపి కొత్తది నొక్కితే పోర్టు లేచి కూర్చుంటుంది. బోర్డుకే టంకం వేసి ఉంటే సూక్ష్మమైన పని తెలిసినవాళ్ళ దగ్గరికి పట్టుకుపోవాలి.

డబ్బులు ఇవ్వకముందు పరీక్ష

లూప్‌బ్యాక్ ప్లగ్గు ఒకటి ఇంట్లోనే చేసుకుని వెంట తీసుకెళ్ళండి. ఆడ డీబీ9 కనెక్టరులో 2, 3 పిన్నులు కలపండి, 7, 8 కలపండి, 1, 4, 6 మూడూ కలపండి. డీబీ25 అయితే 2తో 3, 4తో 5, 6, 8, 20 మూడూ కలిపి. దాన్ని ఒక్కో పోర్టుకూ తగిలించి, టైపు చేసిన అక్షరం తిరిగి వస్తోందా చూడండి. తర్వాత డీటీఆర్ దించి డీసీడీ పడిందా చూడండి. పడకపోతే ఆ తీగ బయటికి రావట్లేదన్నమాట. అమ్మేవాళ్ళు ఎంత నచ్చజెప్పినా ఆ కార్డు మోడెమ్‌లకు వద్దు. ఒక పోర్టు చూసి వదిలెయ్యకండి, అన్నిటినీ చూడండి.

బిగించాక మోడెమ్‌లో అండ్ సీ1 (&C1), అండ్ డీ2 (&D2) కమాండ్లు పెట్టి అండ్ డబ్ల్యూ (&W)తో దాచండి. మొదటిదానితో డీసీడీ నిజం చెబుతుంది, రెండోదానితో డీటీఆర్ పడగానే మోడెమ్ ఫోను పెట్టేస్తుంది. ఎన్ని రింగులకు మోడెమ్ తానే ఎత్తాలో చెప్పే ఎస్0ను సున్నా మీదే, అంటే ఎత్తకుండా, ఉంచి, ఫోను ఎత్తే పని ఎంగెట్టీకి వదిలేయండి. సర్వరు హ్యాంగ్ అయితే అప్పుడు ఫోను ఎవరూ ఎత్తరు, బ్రాంచీకి బిల్లు పడదు. మోడెమ్ తానే ఎత్తేస్తే సర్వరు చచ్చి ఉన్నా బిల్లు పల్సు తిరుగుతూనే ఉంటుంది. పీపీపీ ఆప్షన్లలో సీఆర్‌టీఎస్‌సీటీఎస్, మోడెమ్ అనే రెండు మాటలు తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. అవతలి నుంచి కాల్ చేసి లాగిన్ అవ్వండి. ఫైలు వెళుతుండగా అవతలి ఫోను తీగ గోడ నుంచి పీకేయండి. సర్వరు దగ్గర మోడెమ్ ముందు నిలబడి చూడండి. కొన్ని సెకన్లకు డీసీడీని చూపే సీడీ లైటు ఆరాలి. వెంటనే టీఆర్ లైటు ఒక్కసారి ఆరి మళ్ళీ వెలగాలి, అది సర్వరు డీటీఆర్ దించి ఎత్తడం. ఫోను ఎత్తి ఉందని చూపే ఓహెచ్ లైటు ఆరిపోయి ఉండాలి. ఆ తర్వాత తీగ పెట్టి మళ్ళీ కొడితే కొత్త లాగిన్ అడగాలి. ఈ వరుస ప్రతి మోడెమ్ మీదా జరిగిందాకా సర్వరును అప్పజెప్పకండి.

మొదటి వారం రోజూ పొద్దున ప్రాక్ కింద టీటీవై, డ్రైవర్ ఫోల్డర్లలోని సీరియల్ అనే ఫైలు (/proc/tty/driver/serial) తెరిచి చూడండి. ప్రతి పోర్టుకూ వచ్చినవి, పోయినవి ఎన్ని అక్షరాలో ఉంటుంది. ఓఈ అనే అంకె కనబడి పెరుగుతుంటే ఫిఫో పొంగిపోతోందని అర్థం, ట్రిగ్గర్ (ఎన్ని అక్షరాలు నిండాక పిలవాలో చెప్పే అంకె) తగ్గించాలి లేదా సీటీఎస్, ఆర్‌టీఎస్ తీగలు సరిచూడాలి. ఎఫ్ఈ పెరుగుతుంటే స్పీడు సెట్టింగో, కేబులో తేడాగా ఉంది. అదే వరుసలో పోర్టు ఖాళీగా ఉన్నప్పుడు కూడా సీడీ అని కనిపిస్తే కేబుల్‌లోనో మోడెమ్ సెట్టింగ్‌లోనో డీసీడీ ఎత్తిపెట్టి ఉంది, ముందు అండ్ సీ1 ఉందో లేదో చూసి తర్వాత కేబుల్ విప్పండి.

చివరగా ప్రతి తోకకూ రెండు చివర్లా పోర్టు నంబరు, ఫోను నంబరు రాసి టేపు అంటించండి. లైన్‌మన్ వచ్చి "ఏ నంబరు చచ్చింది సార్?" అని అడిగినప్పుడు ఎనిమిది డబ్బాల వెనక తీగలు వెతుక్కుంటూ ఉండకూడదు.